మనకంటె పెద్ద చెట్టు

జపాను దేశములో చెట్టును చిన్న తొట్టిలో నుంచి, కొమ్మలు కత్తిరించి, తీగ చుట్టి వంచి పెంచుదురు. ఈ పనికి బోన్సాయ్ అని పేరు. వాటిలో మిక్కిలి విలువైనవి కొండ చరియలనుండి పెకలించి తెచ్చిన జూనిపర్ చెట్లు. షికోకు ద్వీపమందలి ఇషిజుచి కొండ వీటికి పేరుపొందినది. గాలియు మంచును మెలిపెట్టిన యీ చెట్లలో కొన్ని వందల యేండ్లవి.

నేర్చుకొనువాడు అట్టి చెట్టుపై కత్తి పెట్టవచ్చునా? లేత మొక్క చచ్చిన మరియొకటి నాటవచ్చును. మూడు వందల యేండ్ల చెట్టును ఎవడు తిరిగి నాటగలడు? అయినను లేత మొక్కలపైనే నేర్చినవాడు ముసలి చెట్టును ఎరుగడు. దాని మ్రాను చాల భాగము ఎండి తెల్లబడియుండును. సన్నని బెరడు పట్టీ యొక్కటే వేరునుండి ఆకుకు ప్రాణము మోయును. అది తెగిన, దాని నానుకొన్న కొమ్మ చచ్చును. పచ్చదనమంతయు తీసివేసిన ముదురు కొమ్మ మరల చిగుర్చుట అరుదు.

అందుచేత శిష్యుడు గురువునొద్ద ఏండ్ల తరబడి యుండును. నీరు పోయుట నేర్చుటకే మూడేండ్లు పట్టునని వారి సామెత. కొండనుండి వచ్చిన చెట్టు బాగుగా వేరూనువరకు దానిని కోయక కనిపెట్టుదురు. ఎండిన మ్రానును సహా పారవేయక, చెట్టు పడిన కష్టమునకు గురుతుగా నిలుపుదురు.

చదువరీ, నీ చేతికిని నీకంటె పెద్దవి వచ్చును: తండ్రి పొలము, ఊరి చెరువు, తగవుపడిన రెండిండ్ల పాత స్నేహము. భయపడి ముట్టకున్న పొలము బీడగును. తొందరపడి కోసిన, తిరిగి అతుకదు. పని నేర్చినవారి నడుగుము. ప్రాణము ఎచ్చట పారుచున్నదో మొదట కనుగొనుము. తిరిగి ఇయ్యలేనిదానిని తీయకమునుపు ఒక యేడు ఆగుము. ఆ యేడు నీరు పోయుచుండుము.