తలుపు తీసే వేళ



చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువతీ యువకులను అశోక్‌నగర్, నారాయణగూడ వాసులు రోజూ చూస్తూనే ఉంటారు. ఇరుకు గదుల్లో కుదరని ఏకాగ్రత వారికి అక్కడ దొరుకుతుంది. అవే వీధుల్లో ఇంట్లోనే కూర్చుని, ఏ కంపెనీలోనూ ఉద్యోగులు కాకుండా, దూరదేశాల వారికి అనువాదమో, లెక్కలో, కంప్యూటర్ పనో చేసి ఇచ్చేవారున్నారు. పగలు “ఇంట్లోనే ఉన్నావుగా” అంటూ ఇంటివారు బ్యాంకుకూ బజారుకూ పంపుతారు. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో రాత్రి 7.30. కుటుంబం ప్రార్థనకు, భోజనానికి చేరే వేళకు ఫోను మోగుతుంది.

పిలవగానే పలకకపోవటం ప్రేమలేనితనమా? ఇది చిన్న ప్రశ్న కాదు. తలుపు మూసుకోవటం స్వార్థపరునికీ తెలిసిన విద్యే. అయితే ఒక పని ముగియకుండా మరో పనికి మారితే మనసులో కొంత భాగం మొదటి పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. అంటే వెంటనే పలికినా మనం ఇచ్చేది సగం మనసే. అది పని ఇచ్చినవారికీ అన్యాయం, అమ్మకూ అన్యాయం.

6వ శతాబ్దంలో పునీత బెనెడిక్టు రాసిన మఠ నియమావళి పనికి, ప్రార్థనకు, మౌనానికి వేళలు ఏర్పరచింది. అందులోనే 66వ అధ్యాయం ద్వారం వద్ద వివేకం గల ఒక వృద్ధుణ్ణి ఉంచమంటుంది. తట్టినవారికి ఎప్పుడూ జవాబు దొరకాలి. లోపలివారి ఏకాగ్రత, బయటివారి అవసరం రెండూ నిలిచాయి.

ఇంట్లో పనిచేసేవారికి అలాంటి ద్వారపాలకుడు లేడు. పని వేళలు దాటాక ఫోనుకు దూరంగా ఉండే హక్కును 2017లో అమల్లోకి వచ్చిన ఫ్రాన్సు చట్టం గుర్తించింది, కానీ ఉద్యోగులకే. స్వతంత్రంగా పనిచేసేవారికి వారిచ్చే మాటే ద్వారపాలకుడు. “పగలు 10 నుంచి 1 వరకు పనిలో ఉంటాను. రాత్రి 7.30 నుంచి 8.30 వరకు మాట్లాడతాను. తరువాత వచ్చిన సందేశానికి మరునాడు జవాబిస్తాను” అని పని ఒప్పుకున్ననాడే చెప్పాలి. చెప్పిన వేళకు తప్పక పలకాలి. పలకకపోతే అది ఆడిన మాట తప్పటమే. జబ్బు, ప్రమాదం వంటి ఆపదకు మాత్రం ఏ వేళనైనా తలుపు తీయాలి.

ఇంకొక మాట. ఒంటిగంట దాకా పిలవవద్దని అమ్మకు చెప్పిన కొడుకు, అమ్మ అన్నం వడ్డిస్తుండగా ఫోను చూస్తే దాన్ని నియమం అనలేం, పెత్తనం అనాలి. ఇంటివారిని కోరిన మౌనాన్ని ఇంటివారికీ ఇవ్వాలి.

ఈ ఆదివారం మీ ఇంటిల్లిపాదీ కూర్చుని వేళలు రాసుకోండి. పనివేళ ఎంతో, ఇంటివారి వేళ ఎంతో పక్కపక్కనే రాయండి. రెండో వరుస ఖాళీగా ఉంటే మొదటి వరుసను మళ్ళీ దిద్దండి.