తుపానులో నౌక, ఒడ్డున శ్రోత: త్యాగరాజ గేయనాటకాల్లో ఉత్కంఠ - ఒక నైతిక పరిశీలన

సంగీతం వింటూ ఒళ్లు గగుర్పొడిచిన అనుభవం లేని శ్రోత ఉండడు. భరతుడు నాట్యశాస్త్రంలో రోమాంచాన్ని ఎనిమిది సాత్త్విక భావాల్లో ఒకటిగా పరిగణించాడు. మనసు ఏకాగ్రమైనప్పుడే సత్త్వం పుడుతుందని చెప్పాడు. కాబట్టి పులకింతను కేవల శరీరధర్మంగా కొట్టివేయడానికి వీలులేదు. అయితే భరతుడు చెప్పిన రోమాంచం నటుడు ప్రదర్శించవలసినది, పాత్రకు సంబంధించినది. శ్రోత పొందే పులకింత దానికి భిన్నం. పాత్ర ఆపదలో ఉంటుంది, శ్రోత ఆపదలో ఉండడు. ఒకరి ఆపద మరొకరికి ఉత్కంఠగా మారినప్పుడు, ఆ ఉత్కంఠను ఆస్వాదించేవారికి ఏదైనా బాధ్యత ఉంటుందా? ఈ ప్రశ్నను త్యాగరాజు (1767-1847) రచించిన నౌకాచరిత్రము, ప్రహ్లాదభక్తివిజయము అనే రెండు గేయనాటకాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆలంకారికుల సమాధానాలు

దుఃఖం ఆనందహేతువు ఎలా అవుతుందన్నది ఆలంకారికులకు పాత సమస్యే. కరుణాదుల్లో కూడా కలిగేది సుఖమేననీ, లేకపోతే ఎవరూ వాటి జోలికి పోరనీ సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు వాదించాడు. నాట్యదర్పణకర్తలైన రామచంద్ర గుణచంద్రులు దీనిని అంగీకరించలేదు. రసం సుఖదుఃఖాత్మకమనీ, దుఃఖఘట్టాల్లో ప్రేక్షకుడికి కలిగే చమత్కారం కవి, నటుల నైపుణ్యానికి చెందినదనీ వారి అభిప్రాయం.

రెండు వాదాలూ అనుభవం ఎటువంటిదో చెబుతున్నాయి. ఆ అనుభవం ఉచితమా అన్న ప్రశ్న మాత్రం రెండింటిలోనూ మిగిలే ఉంటుంది. విశ్వనాథుడి వాదం ప్రకారం పాత్ర దుఃఖం మన సుఖంలో కరిగిపోతుంది. రామచంద్ర గుణచంద్రుల వాదం ప్రకారం ఆ దుఃఖం దుఃఖంగానే నిలుస్తుంది, మన ప్రశంస మాత్రం కళాకారుడికి చేరుతుంది. నైతిక దృష్టితో చూస్తే రెండవ వాదానికి ఒక బలం ఉంది. అది బాధపడుతున్న పాత్రను మరచిపోనివ్వదు.

శ్రోత ఎవరి పక్షం?

నౌకాచరిత్రం కథ చిన్నది. గోపికలు కృష్ణుడితో యమునలో నౌకావిహారానికి బయలుదేరుతారు. తమ సౌందర్యం, తమ నేర్పు, కృష్ణుడు తమ వశమయ్యాడన్న గర్వం వారిలో తలెత్తుతాయి. కృష్ణుడు తుపాను కల్పిస్తాడు. నౌకకు రంధ్రం పడుతుంది. ఆ రంధ్రాన్ని వారి వస్త్రాలతోనే మూయమంటాడు. వారు లజ్జను, గర్వాన్ని విడిచి శరణు వేడిన తరువాత రక్షిస్తాడు. భాగవత దశమస్కంధంలో ఈ కథ లేదు. అక్కడ రాసక్రీడా సందర్భంలో గోపికలకు గర్వం కలిగితే కృష్ణుడు అదృశ్యమవుతాడు. భాగవతంలో గర్వానికి ప్రతిఫలం వియోగం, ఇక్కడ ప్రాణభయం. ఈ మార్పు వల్లనే కథకు నాటకీయత వచ్చింది, నైతికమైన చిక్కు కూడా వచ్చింది. భయపెట్టినవాడూ రక్షించేవాడూ ఒక్కడే.

దీనికి సంప్రదాయం ఇచ్చే వివరణ అందరికీ తెలిసినదే. నౌక సంసారం, వస్త్రం దేహాభిమానం, తుపాను అహంకారాన్ని హరించే దైవానుగ్రహం. ఈ వివరణలో లోపం లేదు, కానీ అది పూర్తి సమాధానం కాదు. అన్యాపదేశార్థం కథ విన్న తరువాత బుద్ధికి తోచేది. ఉత్కంఠ కథ వింటున్నంతసేపూ కలిగేది. నౌక నిజంగా మునిగిపోతుందన్న భయాన్ని మనం ఊహించకపోతే తుపాను ఘట్టంలో ఉత్కంఠే లేదు. తరువాత దొరికిన అర్థంతో ముందు కలిగిన అనుభవాన్ని సమర్థించడం, ఫలితం చూపి సాధనాన్ని ఒప్పించడంతో సమానం.

అసలు చిక్కు మరొకచోట ఉంది. తుపాను కృష్ణుడు కల్పించినదని శ్రోతకు తెలుసు, గోపికలకు తెలియదు. ఈ తెలివిడి శ్రోతను తెలియకుండానే కృష్ణుడి పక్కన కూర్చోబెడుతుంది. వారు వణుకుతుంటే మనం సురక్షితంగా ఎదురుచూస్తాం. నాటకం ఇక్కడితో ఆగితే మన ఉత్కంఠలో కొంత క్రౌర్యం ఉందనే చెప్పవలసి వచ్చేది.

త్యాగరాజు ఇక్కడితో ఆగలేదు. ఆపదలో చిక్కుకున్న గోపికలు యమునను ప్రార్థిస్తారు. ఆ ప్రార్థనలో తమ ప్రాణాల కన్నా కృష్ణుడు క్షేమంగా గట్టు చేరడమే వారికి ముఖ్యం. నౌకలో ఏ ప్రమాదమూ లేని ఏకైక వ్యక్తి కోసం ప్రమాదంలో ఉన్నవారందరూ తల్లడిల్లుతారు. ఆ క్షణంలో శ్రోత కృష్ణుడి పక్షాన నిలవలేడు. అంతవరకు అతనికి సుఖాన్నిచ్చిన తెలివిడే ఇప్పుడు బరువుగా మారుతుంది. గోపికల గర్వం నిజంగా నశించింది వస్త్రాలు విడిచినప్పుడు కాదనీ, ఈ ప్రార్థన చేసినప్పుడనీ నా ప్రతిపాదన. శ్రోత గర్వం కూడా అక్కడే నశించాలి. పులకింత వస్తే అది గోపికల భయం చూసి కాక, వారి ప్రేమ ముందు మన సురక్షితత్వం చిన్నబోయినందుకు రావాలి.

స్తంభం లేని ప్రహ్లాద కథ

ప్రహ్లాదభక్తివిజయాన్ని దీనితో పోల్చి చూడడం అవసరం. ప్రహ్లాద చరిత్రలో నాటకీయతకు పరాకాష్ఠ స్తంభం చీలి నరసింహుడు వెలువడడం. పోతన సప్తమస్కంధం చదివిన తెలుగువారు ఆ ఘట్టం కోసమే ఎదురుచూస్తారు. అయిదంకాల ఈ నాటకంలో త్యాగరాజు ఆ ఘట్టాన్ని గాని, హిరణ్యకశిపు వధను గాని రంగస్థలం మీదికి తీసుకురాలేదు. నాగపాశబద్ధుడై సముద్రంలో పడిన ప్రహ్లాదుడితో కథ నడుపుతాడు. శిక్షాస్థలం కావలసిన సముద్రుడే ఇక్కడ ప్రహ్లాదుడిని ఆదరించే పాత్ర అవుతాడు. మిగిలిన నాటకమంతా హరి దర్శనం కోసం ఒక బాలుడు పడే ఆరాటం.

ఇక్కడ ఉత్కంఠ లేదనుకుంటే పొరపాటు. అది సంఘటన నుంచి నిరీక్షణలోకి మారింది. శత్రువు చావు కోసం శ్రోత ఎదురుచూసే అవకాశాన్ని రచయిత తొలగించాడు. ఒకరి నాశనం మరొకరికి ఆనందం కాకుండా చేశాడు.

మరి స్తంభోద్భవ ఘట్టాన్ని ప్రదర్శించే సంప్రదాయాలు దోషభూయిష్ఠాలా? కావు. తంజావూరు ప్రాంతంలోని మెలట్టూరులో నృసింహ జయంతి సందర్భంగా, వెంకటరామశాస్త్రి తెలుగులో రచించిన ప్రహ్లాదచరిత్రాన్ని భాగవతమేళంగా ప్రదర్శిస్తారు. అక్కడ నరసింహుడి ముఖాన్ని పూజిస్తారు. దానిని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. ఆవేశం మితిమీరకుండా తోటివారు అతన్ని పట్టుకుంటారు. అంటే ఆ ఉత్కంఠకు ఒక మూల్యం ఉందనీ, దానిని తామే భరించాలనీ ఆ సమాజం గుర్తించింది. దోషం ఉత్కంఠలో లేదు. దాని మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో మరచిపోవడంలో ఉంది.

భాష తెలిసినవారి బాధ్యత

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉంది. సంగీతంలో పులకింత సాహిత్యం మీద ఆధారపడి లేదు కదా అని అనవచ్చు. శ్యామశాస్త్రి (1762-1827) భైరవి స్వరజతిలో ఎనిమిది చరణాలు తారషడ్జం వైపు ఒక్కొక్క స్వరంతో ఆరంభమవుతూ పైకి సాగుతాయి. విలంబంలోనే సాగే ఆ ఆరోహణ తెలుగు రాని శ్రోతను కూడా కదిలిస్తుంది. ఇది నిజం. స్వరనిర్మాణం వల్ల కలిగే పులకింతకు ఎవరి ఆపదా కారణం కాదు, కనుక దానికి ఈ ప్రశ్న వర్తించదు. కానీ ఒక వ్యక్తి స్థితి తెలిసి కలిగే పులకింత వేరు. భాష తెలియడం వల్ల రసానుభవంతో పాటు బాధ్యత కూడా పెరుగుతుంది.

ఈ దృష్టితో నేటి స్థితిని గమనించాలి. నౌకాచరిత్రం నుంచి కచేరీల్లో ఎక్కువగా వినిపించేవి రెండు కీర్తనలు. సారంగ రాగంలోని ఓడను జరిపే ముచ్చట తుపానుకు ముందటి ఉల్లాసం. పున్నాగవరాళిలోని గంధము పుయ్యరుగా కష్టం గట్టెక్కిన తరువాతి సంతోషం. నడుమ ఉన్న తుపాను, రంధ్రం, లజ్జ, ప్రార్థన శ్రోతకు అందవు. కచేరీ పద్ధతికి దాని అవసరాలు దానికి ఉన్నాయి, గాయకులను తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే పద్యాలు, వచనాలు, కీర్తనలు కలిసి ఒక క్రమంలో నడిచే ఈ రచనను సమగ్రంగా చదివే పనిని తెలుగు శాఖలు కూడా సంగీత శాఖలకే వదిలేస్తే, గోపికల భయం ఎక్కడా మిగలదు. భయం తెలియని చోట చివరి గంధపు సువాసన వట్టి వేడుకగానే తోస్తుంది.

నౌకాచరిత్రాన్ని యక్షగాన పరిణామంలో ఒక దశగానో, వాగ్గేయకార సాహిత్యంలో ఒక అంశంగానో పేర్కొని ముగించడం చాలదు. రక్షకుడే భయహేతువైన కథను ఎలా వినాలన్న ప్రశ్నను అది మన ముందుంచింది. ఆ ప్రశ్నకు వేదాంతార్థం ఒక్కటే జవాబుగా ఇచ్చి విద్యార్థిని పంపించివేయకుండా, యమునను వేడుకున్న ఆ స్త్రీల మాటలను ముందుగా వినిపించడం అధ్యాపకుడి కర్తవ్యం.