రొద అని ఎవరన్నారు?

ఐజోటోప్ అనే అమెరికన్ కంపెనీ దగ్గర రెండు సాఫ్ట్‌వేర్లున్నాయి. ఒకటి ‘వైనల్’. 2001లో వచ్చింది, ఉచితం. మనం శుభ్రంగా రికార్డు చేసుకున్న పాటకి పాత గ్రామఫోను ప్లేటు మీది దుమ్ము, గీతలు, అరుగుదల, మోటారు గురగుర అన్నీ తెచ్చి పూస్తుంది. ఏ దశాబ్దపు ప్లేటులా వినిపించాలో కూడా ఎంచుకోవచ్చు, 1930 నుంచి 2000 దాకా. రెండోది ‘ఆర్ఎక్స్’. 2007లో వచ్చింది, దీనికి బాగానే డబ్బులు పెట్టాలి. పాత రికార్డింగుల్లోంచి దుమ్ము, గీతలు, గురగుర తీసేయడం దీని పని.

ఒకే చప్పుడు. ఒకచోట అలంకారం, ఇంకోచోట మురికి. ఇందులో కంపెనీ మోసమేమీ లేదు, రెండూ బాగా పనిచేస్తాయి, నేను రెండూ వాడతాను. కానీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన ప్రతిసారీ ఒక అనుమానం వస్తుంది. రొద అనేది శబ్దంలో ఉందా, లేక దాన్ని రొద అని పిలిచేవాడిలో ఉందా?

వారమంతా ఆఫీసులో కోడ్ రాసి, శనాదివారాల్లో స్నేహితుల పాటలూ పాడ్‌కాస్టులూ మిక్స్ చేయడం నాకు అలవాటు. మిక్సింగ్ అంటే విడివిడిగా రికార్డయిన గొంతు, గిటారు, మృదంగం వగైరాలను ఒకదానితో ఒకటి పొసిగేలా కూర్చడం. మాస్టరింగ్ అంటే అలా కూర్చిన పాటని బయటి ప్రపంచానికి పంపేముందు చేసే చివరి మెరుగు. ఈ రెండు పనుల్లోనూ కంప్యూటర్‌లో తగిలించుకునే చిన్న చిన్న పనిముట్లే ప్లగిన్లు. ఈ సరదా ఉన్నవాళ్ళు ఇద్దరు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న “ఏ ప్లగిన్ మంచిది?” ఇంజనీర్లకి నచ్చే ప్రశ్న ఇది. పట్టిక గీయొచ్చు, ధరలు పోల్చొచ్చు, మార్కులు వేయొచ్చు. నాకు మాత్రం దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుందనిపిస్తుంది. నువ్వు దేన్ని మురికి అనుకుంటున్నావు?

టెలిట్రోనిక్స్ ఎల్ఏ-2ఏ అని 1960ల నాటి యంత్రం ఒకటుంది. గొంతులో హెచ్చుతగ్గులని సాఫీ చేసే కంప్రెసర్. దాన్ని అనుకరిస్తూ వేవ్స్ కంపెనీ చేసిన ప్లగిన్‌లో ‘అనలాగ్’ అని ఒక మీట ఉంటుంది. దానికి మూడు స్థానాలు: 50 హెర్ట్జ్, 60 హెర్ట్జ్, ఆఫ్. అంటే అసలు యంత్రంలో కరెంటు వల్ల వచ్చే సన్నటి గుంయ్‌మనే చప్పుడు కూడా కావాలా అని అడుగుతోంది. కావాలంటే మన దేశపు కరెంటుదా, అమెరికా కరెంటుదా అని కూడా అడుగుతోంది! ఆ రోజుల్లో ఆ గుంయ్ వదిలించుకోడానికి ఇంజనీర్లు నానా తంటాలూ పడ్డారు. వాళ్ళ మనవల వయసు ఇంజనీర్లు అదే గుంయ్‌ని లెక్కకట్టి, కోడ్‌లో రాసి, అమ్ముతున్నారు.

మేరీ డగ్లస్ అనే మానవశాస్త్రవేత్త 1966లో ‘ప్యూరిటీ అండ్ డేంజర్’ అనే పుస్తకం రాసింది. మురికి అనేది వస్తువు లక్షణం కాదు, చోటు తప్పిన వస్తువుకి మనం పెట్టే పేరు అన్నది అందులో ఒక ముఖ్యమైన ఆలోచన. పొలంలో ఉంటే మట్టి, పరుపు మీదికొస్తే మురికి. మడీ మైలా తెలిసిన మనకి ఈ సంగతి ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు. మైల అన్న మాట, అనిపించుకున్న మనిషి గురించి ఏమీ చెప్పదు, అన్నవాడి గురించే చెబుతుంది. శబ్దం విషయంలో ఇంత తీవ్రత లేదు కానీ తర్కం అదే. ఏది ఎక్కడ ఉండాలో ముందే ఎవరో గీత గీశారు. ప్లగిన్ తెరిచి ‘డిఫాల్ట్’ నొక్కిన ప్రతిసారీ మనం ఆ గీతకి ఒప్పుకుంటున్నాం.

తంబురా సంగతి చూడండి. బ్రిడ్జి మీద, తీగ కింద చిన్న దారప్పోగు పెడతారు. దాన్ని కాస్త అటూ ఇటూ జరుపుతుంటే ఒకచోట తీగ ఝుమ్మని విచ్చుకుంటుంది. కొలిచి చూస్తే అది తీగ బ్రిడ్జికి రాసుకోవడం వల్ల పుట్టే జీర. గిటారులో అలాంటి చప్పుడు వస్తే రిపేరుకిస్తారు. తంబురాలో ఆ దారానికి జీవాళి అని పేరు. జీర అన్న చోటే మనవాళ్ళకి జీవం వినపడింది.

ఇంకా ఇరకాటమైన ఉదాహరణ ఆటోట్యూన్. ఆండీ హిల్డెబ్రాండ్ దీన్ని 1997లో తెచ్చాడు. అంతకుముందు ఆయన చమురు కోసం భూమిలోకి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనుల్ని విశ్లేషించే పనిలో ఉండేవాడు. ఆ గణితమే గొంతులో శ్రుతి కనిపెట్టడానికి పనికొచ్చింది. మామూలుగా ఈ పనిముట్టు దృష్టిలో ఒక స్థాయికి పన్నెండు మెట్లు. గొంతు రెండు మెట్ల మధ్య దొరికితే దగ్గర్లోని మెట్టు మీదికి లాగుతుంది. తోడి రాగంలో గాంధారం ఒక మెట్టు మీద నిలబడదు. రిషభం దగ్గర్నుంచి మధ్యమం దాకా ఊగుతుంది. ఆ ఊగడమే గాంధారం. వేగం బాగా పెంచి ఆటోట్యూన్ పెడితే ఆ ఊగుడు మెట్లు మెట్లుగా తెగుతుంది. పనిముట్టు తప్పు చేయలేదు, తనకి తెలిసిన ‘ఒప్పు’లోకి దాన్ని తెచ్చింది. ఈ తెగుడునే 1998లో షేర్ ‘బిలీవ్’ పాటలో కావాలని వాడితే లోకమంతా ఊగిపోయింది. కాబట్టి నేను ఆటోట్యూన్‌ని తిట్టడం లేదు. అది తటస్థం కాదని మాత్రమే అంటున్నాను. ప్రతి ప్లగిన్ లోపలా, ‘లోపం అంటే ఇది’ అన్న ఒక నిర్వచనం ఉంటుంది. మనం కొనేది ఆ నిర్వచనాన్ని.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఇంతవరకూ వచ్చినవాళ్ళు చాలామంది “అయితే ఏదీ తీయొద్దు, రొదే అసలైన నిజం” అనే వైపు జారిపోతారు. పాత రికార్డుల చిటపటలు వింటూ కళ్ళు మూసుకునే రకం. నాకది సోమరి భావుకత అనిపిస్తుంది. ఘంటసాల ‘పుష్పవిలాపం’ పాడినప్పుడు చిటపటలు పాడలేదు. అవి తర్వాత సూదీ దుమ్మూ కలిసి చేర్చినవి. ఆయన గొంతుని వాటిలోంచి బయటికి తీస్తే ఆయనకి అన్యాయం జరిగినట్టు కాదు.

మరి గీత ఎక్కడ గీయాలి? ఇది నాకు పుస్తకాల ప్రశ్నగా కాక, చేతిలో పనిగా ఎదురైన సందర్భం ఒకటి చెబుతాను.

నా స్నేహితుడొకడు వాళ్ళ అమ్మమ్మ పాడిన క్యాసెట్ తెచ్చాడు. తూర్పు గోదావరిలో వాళ్ళ ఊళ్ళో, 1990ల్లో, ఇంట్లో టేప్‌రికార్డర్ ప్లగ్గులో పెట్టి రికార్డు చేసింది. పెళ్ళిపాటలు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. అందులో ఒక అప్పగింతల పాట మాటలు ఇప్పుడింట్లో ఎవరికీ పూర్తిగా రావు. దాన్ని నేర్చుకుని వచ్చే మాఘంలో జరిగే పెళ్ళిలో పాడాలని వాళ్ళమ్మ గారి కోరిక. టేపు నిండా సీలింగ్ ఫ్యాను హోరు, కరెంటు గుంయ్, గోడ అవతల రుబ్బురోలు.

నా స్నేహితుడేమో, “ఏమీ తీయకురా, ఆ రుబ్బురోలుతో సహా అదే మా ఇల్లు” అన్నాడు. ఆంటీ మాత్రం, “నీకేం, నువ్వు వింటావంతే. నేను పాడాలి. ఆ ఫ్యాను పోతే చాలు బాబూ, మాటలు దొరుకుతాయి” అన్నారు. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు రకాల రొద. వాడికి జ్ఞాపకం కావాలి, ఆవిడకి పాట కావాలి. ఎవరు తప్పు?

ఆర్ఎక్స్‌లో రొద తీసే చోట ‘అవుట్‌పుట్ నాయిస్ ఓన్లీ’ అని చిన్న గడి ఉంటుంది. అది టిక్ చేస్తే శుభ్రమైన పాట బదులు, తీసేయబోతున్నది మాత్రమే వినిపిస్తుంది. మొత్తం సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటే నిజాయితీగా అనిపించే భాగం అదే. అది పెట్టి విన్నాను. ఫ్యాను ఉంది, రుబ్బురోలు ఉంది. వాటితోపాటు ఆవిడ ఊపిరి ఉంది. స, శ, హ అక్షరాల తోకలు ఉన్నాయి. గణితం దృష్టిలో ‘శ’కీ ఫ్యాను హోరుకీ పెద్ద తేడా లేదు. మాటలు దొరకాలని రొద తీస్తే, ఆ రొదతోపాటు మాటల అంచులే కొట్టుకుపోతున్నాయి. చాలాసేపు కూర్చుని, సగం తీసి సగం ఉంచి, ‘శ’ మిగిలే చోట ఆపాను.

రెండో సంగతి ఇంకా విచిత్రం. మొదటిసారి విన్నప్పుడే ఆంటీ “అమ్మ గొంతు ఇంత సన్నంగా ఉండేది కాదు” అన్నారు. మన ఇళ్ళలో కరెంటు 50 హెర్ట్జ్, గుంయ్ కూడా దాని దగ్గరే ఉండాలి. తెర మీద చూస్తే టేపులోని గుంయ్ 52 దగ్గర ఉంది. అంటే రికార్డు చేసిన రోజు మోటారు నెమ్మదిగా తిరిగి ఉండాలి. దాన్ని ఇప్పుడు సరైన వేగంతో ప్లే చేస్తే పాట నూటికి నాలుగు వంతులు వేగంగా, గొంతు అరస్వరంలో మూడింట రెండు వంతులు పైకి వినిపిస్తుంది. కాకపోతే ఆ రోజుల్లో మన కరెంటు 50 దగ్గర కుదురుగా ఉండేది కాదు. 49కి, అంతకన్నా కిందికి కూడా జారేది. అందుకని 50 అనుకుని ఒకటి, 49 అనుకుని ఒకటి చేసి వినిపించాను. రెండోదానికి ఆవిడ ఏమీ మాట్లాడకుండా తలూపారు.

అన్నిటికంటే ముందు తీసేసే చప్పుడు ఆ గుంయ్. దాన్ని తీసేసి టేపు పారేసి ఉంటే, అమ్మమ్మ అసలు గొంతు ఎంత మందంగా ఉండేదో చెప్పే సాక్షి కూతురి జ్ఞాపకం ఒక్కటే అయ్యేది. జ్ఞాపకం కూడా ఒక ప్లగిన్ లాంటిదే, దానికీ దాని డిఫాల్ట్‌లు ఉంటాయి. రెండు సాక్ష్యాలూ కలిశాయి కాబట్టి కొంత నమ్మకం కుదిరింది.

ఈ పనిలోంచి నాకు దొరికింది సూత్రం కాదు, ఒక తూకం. రొద ఏదో ఎప్పటికీ ఒకేలా తేల్చలేం. అవసరాన్ని బట్టి మారుతుంది, అదేం తప్పు కాదు. తప్పు రెండుచోట్ల మొదలవుతుంది: మార్చకముందున్నది పారేసినప్పుడు, మార్చిన సంగతి దాచినప్పుడు. కోడ్ రాసేవాళ్ళకి ఇది కొత్త కాదు. ఎంత చెత్త కోడైనా చరిత్రలోంచి తుడిచేయం. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసిపెడతాం. రేపు వచ్చేవాడికి మనకి చెత్తగా కనిపించినదే పనికిరావచ్చు.

ఇప్పుడీ ప్రశ్న ఇంకా పదునెక్కింది. రొద తీసే పాత ప్లగిన్ల పని ఎక్కువగా తీసేయడమే. కొత్తవాటిలో కొన్ని, పోయినదాన్ని ఊహించి నింపుతాయి. 2023లో బీటిల్స్ ‘నౌ అండ్ దెన్’ వచ్చింది. జాన్ లెనన్ 1970ల చివర్లో ఇంట్లో క్యాసెట్ మీద పాడుకున్న పాట అది. 1995లో మిగతావాళ్ళు దాన్ని పూర్తిచేయబోయి వదిలేయడానికి ఒక కారణం టేపులోని గుంయ్, గొంతుని మింగేసిన పియానో. మెషిన్ లెర్నింగ్‌తో గొంతుని విడదీయగలిగాక పని పూర్తయింది. ఇక్కడ ఏం చేశారో అందరికీ చెప్పారు, పాడింది లెననే. 2024లో రెహమాన్ ‘లాల్ సలామ్’ కోసం చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఏఐతో తెచ్చారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని ఆయనే చెప్పారు. అదే ఏడాది, బాలు గారి గొంతుని అనుమతి లేకుండా ఏఐతో వాడుకున్నారంటూ ఆయన కుటుంబం ఒక తెలుగు సినిమా వాళ్ళకి లీగల్ నోటీసు పంపింది. ఈ మూడింటి వెనకా ఉన్న టెక్నాలజీకి దగ్గరి చుట్టరికమే ఉంది. తేడా అంతా అడగడంలో, చెప్పడంలో ఉంది.

నా తూకానికి ఒక పెద్ద చిల్లు ఉందని నాకు తెలుసు. అసలుది దాచిపెట్టినంత మాత్రాన ఎవరు వింటారు? ఆ ఇంట్లో ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతున్నది శుభ్రం చేసిన పాటే. పదేళ్ళు పోయాక పిల్లలకి అమ్మమ్మ గొంతు అంటే అదే. హార్డ్ డిస్కులో ఎక్కడో పడున్న అసలు ఫైలు, ఎవరూ తెరవని భోషాణం. నిజాన్ని భద్రపరచడం, నిజాన్ని వినిపించడం రెండూ ఒకటి కావు. దీనికి నా దగ్గర జవాబు లేదు. శుభ్రమైన పాట చివర ఓ పది సెకన్లు అసలు టేపుని, ఫ్యానుతో రుబ్బురోలుతో, అలాగే వదిలేశాను. ఎవరైనా “ఇదేంటి?” అని అడగాలని.

ఎవరైనా నన్ను ఏ ప్లగిన్ మంచిదని అడిగితే ఇప్పటికీ పేర్లు చెబుతాను, ధరలు చెబుతాను. కొనేముందు, అది తీసేసేదాన్ని మనకి వినిపించే గడి ఉందో లేదో చూసుకోమని కూడా చెబుతాను. లేకపోతే అసలులోంచి శుభ్రం చేసినదాన్ని తీసివేసి చూసుకోవచ్చు, పది నిమిషాల పని. విన్నాక కూడా అది రొదే అనిపిస్తే, నిశ్చింతగా తీసేయండి.