నూరు రూపాయల తగవు

బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. జీతము నిలిచిన వాని పొదుపు ఖాతాలో కనీసపు నిలువ తగ్గుట సహజము. అట్టి ఖాతాలనుండి కొన్ని బ్యాంకులు జరిమానా కోయుచున్నవి. దండనమునకు దోషము మూలముగా నుండవలెను గదా, లేమి దోషమెట్లగును? నెల గడువిచ్చి ముందుగా తెలుపనిదే ఆ సొమ్ము కోయరాదనియు, కోతచే ఖాతా అప్పులోనికి దిగరాదనియు రిజర్వు బ్యాంకు 2014 నవంబరులో ఉత్తరువు చేసినది. అయినను నిజామాబాదు పెద్దమనుష్యులు కొందరు "నూరు రూపాయలకు తగవా?" యని నవ్వుదురు. ఆ నవ్వే నాకు వింత. అల్పమని బ్యాంకు దానిని విడిచినదా? మొదట బ్యాంకునే వ్రాతమూలముగా నడుగవలెను. 30 దినములలో బదులు రానిచో, వచ్చినను న్యాయముగా లేనిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు ఫిర్యాదు వ్రాసికొనవచ్చును. దానికి రుసుము లేదు.