చూచినవాని వాటా

వ్యాపారంలో వాటా ఉన్నవానికి లాభంలోనూ నష్టంలోనూ పాలుంటుంది. దుకాణంలో ఒక్కనాడు కూర్చోకపోయినా ఖాతాలో పేరుంటే చాలును. ఇది వర్తకులకు మరొకరు చెప్పవలసిన మాట కాదు. అయితే హింసలో కూడ ఇట్టి వాటా ఉన్నదా? కత్తి పట్టనివాడు, పట్టమని చెప్పనివాడు, కేవలం కూర్చుండి చూచినవాడు ఏ పద్దులో చేరుతాడు? స్పెయిన్ దేశపు ఎద్దుపోరు వీరుడొకని కథ ఈ ప్రశ్నను ఎదుట నిలబెడుతుంది.

అతని పేరు మాన్వెల్ రోద్రిగెస్. లోకం మనొలేతె అన్నది. 1917 జూలై 4న కోర్డోబా నగరంలో పుట్టినాడు. తండ్రిదీ ఆ వృత్తే, ఆ బిరుదే. పసితనంలోనే తండ్రి పోయినాడు. ఇంటి బరువు కుర్రవానిపై పడ్డది. 1939లో పూర్తి స్థాయి యోధుడైనాడు. 1944 ఒక్క సంవత్సరంలోనే తొంభైకి పైగా పోరులలో దిగినాడు. ఇతరులు గెంతులు వేసేచోట ఇతడు పాదం కదపక నిలిచేవాడు. కొమ్ము నడుమును రాసుకొని పోతున్నా ముఖంలో మార్పుండేది కాదు. ఆ నిశ్చలత్వం కాయోత్సర్గాన్ని తలపిస్తుందని ఎవరైనా అంటే వెంటనే కోపగించుకోనక్కరలేదు. దేహంపై మమకారం విడవడం రెండింటా కనిపిస్తుంది. కాని కాయోత్సర్గంలో నిలిచినవాని చేతిలో కత్తి ఉండదు.

ఆ క్రీడ ఎట్లు సాగుతుందో తెలిసినవారు ఇక్కడ తక్కువ. ఒక మధ్యాహ్నం సామాన్యంగా ముగ్గురు యోధులు, ఆరు కోడెలు. గుర్రంపై వచ్చినవాడు ముందుగా బల్లెంతో మూపురపు కండను పొడుస్తాడు. తరువాత ముళ్ల కోలలు గుచ్చుతారు. మెడ వాలిన తరువాత యోధుడు ఎర్రగుడ్డ, కత్తి పట్టి చివరి ఘట్టానికి వస్తాడు. టిక్కెట్లకు ఎండపక్క ఒక ధర, నీడపక్క మరొక ధర. అంతా లెక్కగానే జరుగుతుంది.

1947 నాటికి మనొలేతె అలసిపోయినాడు. ఆ సంవత్సరంతో విరమిస్తానన్నాడు. ఇంతకాలం నెత్తిన పెట్టుకొన్న జనమే ఇంకా దగ్గరకు పొమ్మని, ఇంకా ప్రమాదం చూపమని ఈలలు వేయసాగింది. ఆగస్టు 28న లినారెస్ ఊరిలో ఐదవ కోడె వచ్చినది. మియూరా మందలోనిది, పేరు ఇస్లెరో. అతడు కత్తి దించిన క్షణాననే అది కుడి తొడలో కొమ్ము దించింది. కోడె చచ్చినది. దాని చెవులు, తోక కోసి అతనికి బహుమానంగా ప్రకటించినారు. మరునాటి తెల్లవారుజామున అతడూ పోయినాడు. ముప్పది ఏండ్ల వయసు. దేశమంతా ఏడ్చినది. ఈలలు వేసినవారు కూడ ఏడ్చినారు.

ఈ రెండు ప్రాణాలకు బాధ్యుడెవరు? ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఆరవ అధ్యాయంలో ఈ లెక్క వేసి పెట్టినాడు. సంరంభం, సమారంభం, ఆరంభం అని మూడు, మనస్సు, వాక్కు, కాయం అని మూడు, చేయడం, చేయించడం, ఆమోదించడం అని మూడు, క్రోధమానమాయాలోభాలు నాలుగు. హెచ్చిస్తే నూటయెనిమిది. లినారెస్‌లో కత్తి పట్టినవాడొక్కడు. టిక్కెట్టు కొన్నవారు వేలమంది. నూటయెనిమిదిలో వారికి చోటు లేకపోలేదు.

ఇక్కడ ఒక చిక్కున్నది, దాటవేయరాదు. శ్వేతాంబర గృహస్థులు సామాన్యంగా చేయను, చేయించను అనే వ్రతం పడతారు. ఆమోదించను అన్నది ముఖ్యంగా మునులకు. సమంతభద్రాచార్యులు మాత్రం రత్నకరండ శ్రావకాచారంలో సంకల్పహింస విషయాన అనుమోదననూ గృహస్థుని వ్రతంలోనే చేర్చినారు. అయితే గృహస్థునికి ఆ వెసులుబాటు ఎందుకు వచ్చినది? సంసారంలో తప్పనిసరి వ్యవహారాలుంటాయి గనుక. వినోదం తప్పనిసరి కాదు. ప్రయోజనం లేని హింసకు అనర్థదండ విరమణమని వేరే వ్రతమే ఉన్నది.

నేమినాథస్వామి పెండ్లికి తరలిపోతూ దొడ్లలో కట్టిన మూగజీవాల అరుపులు విన్నారు. వాటిని తాను కట్టలేదు, కట్టమని చెప్పలేదు. తన పెండ్లి విందుకని మాత్రం తెలిసింది. రథం మళ్లింది.

బళ్లారికి స్పెయిన్ దూరమే. కాని ఆదవాని, ఆలూరు, రాయదుర్గం దూరం కావు. 1953లో ఆ తాలూకాలు ఆంధ్రలోనికి పోయినా అంగళ్ల బంధుత్వం తెగలేదు. రాయలసీమ జాతరలలో బండలాగుడు పందేలు జరుగుతాయి. ఎడ్లకు రాతిబండ కట్టి, నిర్ణీత కాలంలో ఎంత దూరం లాగునో కొలుస్తారు. ఇక్కడ ఎవరూ ఎద్దును చంపరు. స్పెయిన్‌తో సమానం చేయడం అన్యాయం. రైతు తన ఎద్దును బిడ్డవలె మేపుతాడన్నదీ నిజమే. స్పెయిన్ పశుపాలకులు కూడ తమ కోడెలు నాలుగైదేండ్లు పచ్చిక బయళ్లలో స్వేచ్ఛగా బ్రతుకుతాయని చెబుతారు, అదీ నిజమే. కాని అహింసాణువ్రతానికి చెప్పిన అయిదు అతిచారాలలో అధిక భారం మోపడం ఒకటి, కొట్టడం ఒకటి. చర్నాకోల ఆడని పందెం ఎన్నిచోట్ల ఉన్నది?

చట్టం కొంతకాలం ఒకవైపు, కొంతకాలం మరొకవైపు మొగ్గినది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్ల పందేలను తప్పుబట్టినది. 2017లో కర్ణాటక చట్టం సవరించి కంబళను, ఎడ్ల పందేలను అనుమతించింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణ చెల్లుతుందన్నది. స్పెయిన్‌లోనూ అంతే: కాటలోనియా 2010లో నిషేధించగా 2016లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది. కోర్టు తీర్పు మారినప్పుడెల్లా శ్రావకుని వ్రతం మారదు గదా.

జాతర ముందు పెద్దలు చందా పుస్తకం పట్టుకొని అంగడికి వస్తారు. వారు పరాయివారు కారు. ఏడాదంతా బేరం చేసేవారే. పొమ్మనడం మర్యాద కాదు, బేరానికి మంచిదీ కాదు. ఒకటవ బహుమతి తమ పేర వ్రాసుకొనమని కొందరు శెట్లు వ్రాయించారు. మరికొందరు అదే మొత్తం ఎడ్లకు గడ్డికి, నీళ్ల తొట్లకు ఇస్తామంటారు. బహుమతి దాత పేరు మైకులో పదిసార్లు వినిపిస్తుంది. గడ్డి ఇచ్చినవాని పేరు ఒక్కసారి చదివితే గొప్ప.