పులిసిన తేట – శుద్ధి విచారము

పులిసిన మజ్జిగతో ఇత్తడి చెంబును తోముట తెలుగు ఇండ్లలో పాత అలవాటు. పులిసిన కడుగు, తరవాణి తేట కూడ ఈ పనికి వచ్చును. పులియుటవలన పుట్టిన ఆమ్లము రాగి, ఇత్తడులపై పట్టిన చిలుమును కరగించును. కొంచెము ఉప్పు చేర్చి, కొబ్బరిపీచుతో రుద్ది, వెంటనే మంచినీట కడిగినచో పాత్ర మెరయును. అయితే చలువరాతిని, తాండూరు బండలను ఆమ్లము తినివేయును. బ్లీచింగు పొడితో కలిపినచో విషవాయువు వెలువడును. కావున వివేకము అవసరము.

ఇందొక ధర్మసందేహము కలదు. అన్నముగా పుట్టినదానిని అంట్లకు వాడుట దోషము కాదా? పులిసినది మైల కాదా? 12వ శతాబ్దపు శరణులు జనన, మరణ, రజో, ఉచ్ఛిష్ట, జాతి సూతకములను ఐదింటిని త్రోసిపుచ్చిరి. పదార్థము రూపము మారినంతమాత్రమున మైల పుట్టదు. దాని అక్కర మాత్రమే మారును. దప్పిగొన్నవానికి పోయవలసిన మజ్జిగను చెంబునకు పోసినచో దోషము. త్రాగ పనికిరానిదానిని పారబోయక పనికి తెచ్చినచో అది పొదుపు. రాలిన బియ్యమును ఏరితెచ్చుట కాయకముగా గల ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ దానిని తిరిగి అచ్చటనే పోసిరమ్మనెను. వృథా చేయరాదు, కూడబెట్టరాదు అను రెండు నీతులును ఆ గింజలలోనే ఉన్నవి.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న మరియొకటి కలదు. ఆ పాత్రను తోము చేయి ఎవరిది? పనిమనిషి తోమిన గిన్నెలో వండుకొందురు, ఆమె తోమిన చెంబుతో నీరు త్రాగుదురు. ఆమె దప్పిగొన్నప్పుడు మాత్రము వేరు గ్లాసు వెదకుదురు. ఇట్టి ఇంట చెంబు చిలుము వదలినది గాని జాతిసూతకము వదలలేదు. బట్టలుతుకు మడివాలు మాచయ్య మహిమను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించెను. ఆ కథను భక్తితో విని, ఇంట తోము చేతిని దూరముంచుట ఎట్లు పొసగును?

వీరశైవునకు పూజాపీఠము వేరొకచోట లేదు. అరచేయియే పీఠము, ఇష్టలింగము నెలకొనునది కరస్థలముననే. పుల్లనీట నానిన చేయియు అట్టి కరస్థలమే. పాత్ర మెరసిన పిమ్మట అదే పాత్రతో ఆమెకును మంచినీరు అందించుటయే బహిరంగశుద్ధి అంతరంగమునకు చేరుటకు మొదటి మెట్టు.