శ్రద్ధ అంటే నమ్మకమా, జాగ్రత్తా?

తెలుగులో 'శ్రద్ధ' అనే మాట పురాణ కాలక్షేపంలో ఒక అర్థంతో, ఇంట్లో మరో అర్థంతో వినిపిస్తుంది. అక్కడ అది నమ్మకం, ఇక్కడ జాగ్రత్త. 'ఒంటిని అశ్రద్ధ చేయకు' అని పెద్దవాళ్లు అంటే దేవుణ్ణి నమ్మమని కాదు, వేళకు మందు వేసుకోమని. మొదటి అర్థమే గొప్పదని, రెండోది వాడుకలో దిగజారిన రూపమని చాలామంది భావిస్తారు. నేను ఒప్పుకోను. లాలాగూడ, కాజీపేట, విజయవాడ ఎలక్ట్రిక్ లోకో షెడ్లలో టెక్నీషియన్లు చేసే పనిని తరచి చూస్తే ఆ రెండర్థాలూ ఒకటేనని తెలుస్తుంది.

రైలింజను నెత్తిన ఉండే తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. దాని కింద ఇంజను పైకప్పు మీద పని పడితే తీగను తాకి కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్‌ను దించాలి, సప్లై తీయించాలి, రాతపూర్వకంగా అనుమతి రావాలి. ఇంత జరిగాక కూడా తీగను ముట్టుకోకూడదు. పక్క లైనులో పారే కరెంటు వల్ల ఈ తీగలోనూ ప్రాణం తీసేంత వోల్టేజి పుట్టవచ్చు. అందుకే పనిచేసే చోటుకు రెండు వైపులా రాడ్లు తగిలించి ఎర్త్ చేస్తారు. త్రీఫేజ్ ఇంజన్లలో కన్వర్టర్ కెపాసిటర్లు ఆపేశాక కూడా కాసేపు చార్జి పట్టుకునే ఉంటాయి. ఆగి, మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. ఇదంతా అనుమానమే కదా, సంశయాత్ముడు నశిస్తాడని భగవద్గీత నాలుగో అధ్యాయం చెబుతోంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే, ఎందుకంటే ఇక్కడ సంశయించనివాడే నశిస్తాడు. కానీ గీత తప్పుపట్టిన సంశయం ఎటూ తేల్చుకోనిది, మనిషిని పనికి కదలనివ్వనిది. టెక్నీషియన్ అనుమానం మీటరు దగ్గరికి వెళ్లి తేలిపోతుంది, ఆ తర్వాత చెయ్యి వణకదు. పైగా వైదిక నిఘంటువు 'శ్రత్' అనే పదాన్ని సత్యం పేర్లలో చేర్చింది. ఆ లెక్కన శ్రద్ధ అంటే సత్యంలో మనసు నిలపడం. తీగలో కరెంటు ఉందో లేదో పరీక్షించడం అదే.

మరి నమ్మకానికి చోటెక్కడ? మార్పులు చేసే పనిలో ఉంది. ఒకప్పుడు ఎల్‌హెచ్‌బీ రకం బోగీల రైళ్లలో లైట్లకు, ఏసీలకు రెండు చివర్ల పవర్ కార్లలోని డీజిల్ జనరేటర్లే కరెంటు ఇచ్చేవి. ఇప్పుడు ఇంజనే పై తీగ నుంచి తీసుకున్న కరెంటును కన్వర్టర్ ద్వారా 750 వోల్టులకు మార్చి బోగీలకు పంపుతోంది. దానికోసం కేబుళ్లు, కప్లర్లు, కంట్రోల్ వైర్లు మార్చారు. వైరు కొసకు లగ్గు అనే లోహపు ముక్కను నొక్కి బిగించి (క్రింప్ చేసి) గట్టిగా లాగి చూడడం, దానికి నంబరు తొడగడం, బోల్టు బిగించాక నట్టు మీదుగా ఒక రంగు గీత గీయడం చిన్న పనులే. ఆరు నెలల తర్వాత ఇంకెవరో టార్చి వేసి చూస్తే ఆ గీత విరిగిందంటే నట్టు కదిలిందన్నమాట. గీసినవాడికి చూసేవాడు తెలియదు. చూసేవాడు ఆ గీతను, ఆ నంబరును, డ్రాయింగును నమ్ముతాడు. వైరు మార్చి డ్రాయింగు మార్చకపోతే, కంటికి కనిపించని ఆ తోటివాడికి అబద్ధం చెప్పినట్టే. ఒకరి జాగ్రత్త ఇంకొకరికి నమ్మకమవుతోంది. రెండింటికీ మాట ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు.

ఇది జీతానికి చేసే పని, దీనికి భగవద్గీత ఎందుకు, పనిని పవిత్రం చేసి పనివాడి కష్టాన్ని కప్పేయడమే కదా అనే అభ్యంతరం ఇంకా బలమైనది. ఆ ప్రమాదం నిజంగానే ఉంది. అయితే శ్రద్ధను పనివాడి ఒక్కడి గుణంగా చూసినప్పుడే అది మోసమవుతుంది. శ్రద్ధ లేకుండా చేసింది అసత్తు అని గీత పదిహేడో అధ్యాయం అంటే, ఆ మాట సరిపడా సమయం, మంచి మీటరు, తగినంతమంది మనుషులు ఇవ్వని యాజమాన్యానికీ వర్తిస్తుంది. దసరాకు షెడ్లలో ఆయుధపూజ చేసి స్పానర్లకు పసుపు కుంకుమ పెడతారు. ఈసారి వాటి పక్కన వైరింగ్ డ్రాయింగులనూ పెట్టండి. పెట్టే ముందు, చేసిన మార్పులన్నీ వాటిలో ఎక్కాయో లేదో ఒకసారి చూడండి.